అక్క రాసిన ఉదాస్

మా ఇంట్లో ‘ఉదాస్’ పెద్ద మాటేమీ కాదు. మేము కరీంనగర్‌లో ఉన్న గల్లీలో అందరి నోటా అది ఉండేది. ఇది ఉర్దూ మాట, ఇది తెలుగు మాట అని వేరుచేసి చూసేవాళ్లు అప్పట్లో ఎవరూ లేరు. మబ్బు పట్టి వాన పడని రోజు ఉదాస్. గిరాకీ లేని దుకాణం ఉదాస్. బాపు, అంటే మా నాన్న, తహసీలు కచ్చేరిలో రాతపని చేసేవాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ “గీరోజు కచ్చేరి ఉదాస్ ఉండె” అన్నాడంటే, జనం ఎక్కువ రాలేదనీ, పెందలాడే లేచి వచ్చాడనీ అర్థం. ఆ మాట అనేటప్పుడు ఆయన ముఖంలో సంతోషమే కనిపించేది. లాంతరు గ్లాసుకు మసి పడితే “దీపం ఉదాస్ ఉన్నది, జర తుడువుండ్రి” అనేది అమ్మ. ఆమెను మేము అవ్వ అని పిలిచేవాళ్లం. పప్పులో చింతపండు తక్కువైన రోజు అక్క మూతి ముడిచి “పప్పు ఉదాస్ ఉన్నదవ్వా” అనేది. అందరం నవ్వేవాళ్లం.

మనిషి గురించి కూడా అనేవాళ్లు. ‘మొఖం ఉదాస్ పెట్టినవేంది’ అని అడిగేవాళ్లు. కానీ అది అడిగినంత తేలికగానే పోయేది. ఇంత బెల్లం ముక్క పెడితే తీరిపోయే ఉదాస్ అది.

అక్క నాకంటే ఆరేండ్లు పెద్ద. ఆమె బడికి పోయిన కాలంలో చదువంతా ఉర్దూలోనే ఉండేది. నాలుగో తరగతి దాకా బడిలో చదివింది. ఆడపిల్లను ఇక బడికి పంపవద్దని చుట్టాలు గోల చేస్తే, బాపు మాన్పించి తానే ఇంట్లో చదువు చెప్పాడు. అక్క రాత ఎంత అందంగా ఉండేదంటే, బాపు కొన్నిసార్లు ఇంటికి తెచ్చుకున్న కాగితాలను ఆమెతో నకలు రాయించేవాడు. నేను బడిలో చేరింది పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు. అప్పటికి బళ్లోకి తెలుగు వచ్చింది. ఒకే చాప మీద కూర్చుని అక్క కుడి నుంచి ఎడమకు రాసేది, నేను ఎడమ నుంచి కుడికి రాసేదాన్ని. ఆమె రాసింది నేను చదవలేను. నేను రాసింది ఆమె చదవలేదు. అప్పుడది మాకు ఆటగా ఉండేది. బాపు ఒకటి రెండుసార్లు “నువ్వు గూడ గీ అక్షరాలు నేర్సుకో బిడ్డా, అక్క చెప్తది” అన్నాడు. నేను నేర్చుకోలేదు. అవి పోయే కాలం అక్షరాలని బడిలో పిల్లలమంతా అనుకునేవాళ్లం.

పద్దెనిమిదో ఏట అక్కకు పెండ్లి అయింది. బావ కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులో పనిచేసేవాడు. మెత్తటి మనిషి, మాట తక్కువ. పెండ్లయిన ఏడాదికే బాపు కామెర్లు వచ్చి పోయాడు. ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. అవ్వ మోదుగాకులు తెప్పించుకుని విస్తర్లు కుట్టేది. బడి నుంచి వచ్చి నేను పుల్లలు చీల్చి ఇచ్చేదాన్ని.

అక్క నుంచి నెలకో కార్డు వచ్చేది. అవ్వకు చదువు రాదు. నాకు ఉర్దూ రాదు. బాపు ఉన్నన్నాళ్లూ ఆయనే చదివి వినిపించేవాడు. ఆయన పోయిన తర్వాత ఆ పని ఖాలమ్మ మీద పడింది. ఖాలమ్మది మా పక్కిల్లే. ఆమె భర్త బజారులో దర్జీ. పిల్లలు లేరు. బాపు కంటే పెద్దది, అవ్వను ‘చెల్లె’ అని పిలిచేది, ఉర్దూలో ఖాలా అంటే అమ్మ తోబుట్టువు కనుక మేము ఆమెను ఖాలమ్మ అనేవాళ్లం. తెలుగు మాలాగే మాట్లాడేది, ఉర్దూ చదివేది, రాసేది. కార్డు రాగానే నేను గోడ మీది నుంచి కేక వేస్తే, పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, విస్తరాకుల మధ్య చోటు చేసుకుని కూర్చునేది. ఒక వాక్యం ఉర్దూలో చదివి, ఆ వెంటనే తెలుగులో చెప్పేది. జవాబు కూడా అవ్వ చెప్తే ఆమే రాసేది.

మొదట్లో ఆ కార్డుల నిండా కబుర్లే. క్వార్టర్లన్నీ ఒకే తీరుగా ఉన్నాయనీ, మొదటి వారం నీళ్లు తెస్తూ వేరే వాళ్ల ఇంట్లోకి పోయిందనీ రాసింది. పక్కింట్లో మరాఠీ వాళ్లు, ఎదురింట్లో ఎక్కడో ఉత్తరాది వాళ్లు. ఇద్దరితోనూ చేతులతోనే ఎక్కువ మాట్లాడుతున్నానని రాసింది. ఒక కార్డులో “ఈడ దినమంత ఉదాస్ ఉంటది” అని వచ్చింది. మిల్లు పొగ గురించి అంటున్నదనుకుని అవ్వ నవ్వింది. “పప్పు గూడ ఉదాస్ ఉన్నదేమో అడుగు ఖాలమ్మా” అన్నాను నేను. ఖాలమ్మ కూడా నవ్వి, అదే జవాబులో రాసింది.

తర్వాత కార్డులు పొట్టివయ్యాయి. నేను గమనించాను కానీ పట్టించుకోలేదు. ఆ ఏడు నేను మెట్రిక్ పరీక్షకు కూర్చోవాలి. మా గల్లీలో ఆడపిల్లల్లో మెట్రిక్ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తెలుగులో నాకు మంచి పేరు. మా పంతులుగారు నా వ్యాసాలు తరగతిలో చదివి వినిపించేవారు. విశేషణాలు చెప్పే రోజుల్లో నేను ఒక నోటుబుక్కు పెట్టుకుని, ఇంట్లో మేము మాట్లాడే ప్రతి ఉర్దూ మాటకూ ఎదురుగా ‘అసలైన’ తెలుగు మాట రాసుకునేదాన్ని. ఫికర్‌కు ఎదురుగా చింత. పరేషాన్‌కు ఎదురుగా కలత. ఉదాస్‌కు ఎదురుగా ఉదాసీనం. నిఘంటువులో చూశాను. ఉదాసీనం అంటే దేనినీ పట్టించుకోకపోవడం, ఎటూ మొగ్గకుండా ఉండడం అని ఉంది. చూడ్డానికి రెండూ ఒకే మాటలా ఉన్నాయి కదా అనుకున్నాను.

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం కార్డు వచ్చింది. నాలుగే వరసలు. ఖాలమ్మ చదవబోయి ఆగింది. మళ్లీ మొదటి నుంచి చూసుకుంది.

“ఏం రాసింది?” అని అడిగింది అవ్వ, చేతిలో విస్తరి పక్కన పెట్టి.

“అవ్వకు దండాలు, చెల్లెకు ప్యార్ అని రాసింది. ఇల్లు ఉదాస్ ఉన్నదట. తబీయత్, గదే పాణం, ఉదాస్ ఉన్నదట. నేను ఉదాస్ ఉన్న అని రాసింది. గంతే.”

“ఉదాస్ ఉన్న అంటే?”

ఖాలమ్మ కార్డును ఒళ్లో పెట్టుకుంది. “మనమనే ఉదాస్ కాదు చెల్లె. మా మాటల గది వేరే. దిల్ మునిగిపోయినట్టు. మూడుసార్లు రాసింది పిల్ల. ఒకసారి పోయి తోలుకరారాదు?”

అవ్వ ముఖం మారిపోయింది. అవ్వ ఒక్కతే ఎప్పుడూ రైలెక్కలేదు. పోవాలంటే నేను వెంట పోవాలి. అక్కను తెచ్చుకోవడమంటే పోయి, ఉండి, రావడానికే వారం పడుతుంది. తెచ్చాక ఇంట్లో పని, వచ్చీపోయే చుట్టాలు. పరీక్షకు నెల పైన నాలుగు రోజులు ఉంది. ఈ లెక్కంతా నా మనసులో ఒక్క క్షణంలో జరిగిపోయింది. జరిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. చాలా ఏండ్లు ఒప్పుకోలేదు.

“ఉదాస్ అంటే ఉదాసీనం అవ్వా” అన్నాను. “మా పంతులు చెప్పిండు. దేన్నీ పట్టించుకోకుండ ఉండుడు. ఏ ఫికర్ లేకుండ నిమ్మలంగ ఉన్న అని రాసింది అక్క.”

పంతులుగారు ఆ మాట చెప్పలేదు. ఉదాసీనం అర్థం మాత్రమే నిఘంటువులోది. మిగతాదంతా నాది.

“కాదు బిడ్డా, గట్ల కాదు...” అంది ఖాలమ్మ.

“నాకు తెల్వదా? పుస్తకంల ఉన్నది చూపియ్యాల్నా?” నా గొంతు పెద్దదయింది. లేచి పోయి నోటుబుక్కు తెచ్చి, చదువు రాని అవ్వ ముందూ, తెలుగు చదవలేని ఖాలమ్మ ముందూ తెరిచి పెట్టాను. “ఇగో, చూడుండ్రి.”

ఇద్దరూ ఆ పేజీ వైపు చూశారు. ఖాలమ్మ ఒళ్లోని కార్డు తీసి అవ్వ చేతికిచ్చింది. తర్వాత “నువ్వు చదువుకున్నదానివి బిడ్డా” అన్నది. కోపంతో అనలేదు. నిజంగానే, నాకు ఏదో ఎక్కువ తెలుసేమో అన్నట్టు అన్నది.

అవ్వ ఊపిరి పీల్చుకుంది. వెంటనే జవాబు చెప్పింది. “నువ్వు ఏ ఫికర్ లేకుండ నిమ్మలంగ ఉన్నవని తెలిసి మస్తు సంబరమైంది బిడ్డా. చెల్లె పరీక్ష కాంగనే వస్తం.” ఖాలమ్మ కలం పట్టుకుని నా వైపు ఒకసారి చూసింది. నేను ఆకుల పుల్లలు చీలుస్తూ తల ఎత్తలేదు. ఆమె రాసింది.

ఆ తర్వాత అక్క నుంచి కార్డు రాలేదు. ఫాల్గుణం పోయింది. పరీక్షలు బాగా రాశాను. తెలుగు పరీక్షలో విశేషణాల మీద ప్రశ్న వచ్చింది. దానికి పూర్తిగా జవాబు రాశానని ఇంటికి వచ్చి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఎండలు ముదిరాక మేము బయలుదేరాం. పెద్దపల్లి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. మంచిర్యాల దాటిన తర్వాత కిటికీలో అంతా రాలిన టేకాకులే. అవ్వ ఒళ్లో సకినాల డబ్బా పెట్టుకుని, కూతురికి ఏమేమి చెప్పాలో నాతో ముందే చెప్పుకుంటూ కూర్చుంది. కాగజ్‌నగర్‌లో దిగేసరికి పొద్దు పన్నెండు దాటింది. బావ స్టేషనుకు వచ్చాడు. సామాను అందుకున్నాడు కానీ ముఖం ఎత్తి మాట్లాడలేదు.

క్వార్టరు తలుపు తీసే ఉంది. అక్క గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. అలికిడికి తిరిగింది. నేను గుర్తుపట్టలేకపోయానంటే అతిశయోక్తి అవుతుంది. గుర్తుపట్టాను, కానీ ఒక్క క్షణం ఆలస్యంగా. జుట్టు జడ వేసుకోలేదు. మెడ ఎముకలు బయటికి వచ్చాయి. నడిచొచ్చి అవ్వ చేతిలో డబ్బా తీసుకుని “వచ్చిన్రా” అన్నది. చుట్టాన్ని పలకరించినట్టుగా ఉంది ఆ మాట.

బావ పెరట్లో నన్నూ అవ్వనూ నిలబెట్టి చెప్పాడు. పెండ్లయినాక రెండుసార్లు నెల తప్పింది కానీ కడుపు నిలవలేదట. ఈసారి ఐదో నెల దాటాకే చెప్దామని, దిష్టి తగులుతుందని, అక్క ఎవరికీ రాయనివ్వలేదట. ఐదో నెలలోనే పోయింది. మాఘంలో.

“నేను రాస్తనన్న అత్తమ్మా. ఆమెనే రాస్తనన్నది. రాసింది గూడ. నేనే డబ్బాల వేసి వచ్చిన. మీరు అస్తరని రోజు స్టేషన్ దాకా పోయి చూసి వస్తుండె. అటెన్క మీ కార్డు వచ్చింది. గది చదివి మడిచి పెట్టె అడుగున పెట్టింది. గప్పటి సంది పోవుడు బంద్ చేసింది.”

అవ్వ పెరటి గోడను పట్టుకుని కింద కూర్చుండిపోయింది. తర్వాత లేచి లోపలికి పోయి అక్క పక్కన కూర్చుని ఆమె తల నిమిరింది.

“మాకు ఎరుక లేకపాయె బిడ్డా. నువ్వు ఏ ఫికర్ లేకుండ ఉన్న అని రాస్తివి గద.”

“నేనా?” అన్నది అక్క. “నేను ఉదాస్ ఉన్న అని రాసిన.”

“గదే. గదే రాసినవని ఖాలమ్మ చదివింది. దాని అర్థం చెల్లె చెప్పింది. పుస్తకంల చూసి చెప్పింది.”

అవ్వ నా మీద నేరం చెప్పడానికి అనలేదు. కబురు ఎక్కడ తప్పిందో అర్థం చేసుకోవడానికి జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. అక్క నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. చాలాసేపు చూసి “మంచిగనే చెప్పింది” అన్నది. లేచి వంటింట్లోకి పోయి మాకు అన్నం వడ్డించింది.

అక్కను ఇంటికి తెచ్చుకున్నాం. రెండు నెలలు ఉంది. ఖాలమ్మ రోజూ వచ్చేది. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లు. కొన్ని రోజులు మాట్లాడకుండానే కూర్చునేవాళ్లు. మొదటి నెలంతా అక్క ఏడవలేదు. ఒకరోజు ఖాలమ్మ తలకు నూనె పెడుతుంటే ఉన్నట్టుండి ఏడ్చింది, గల్లీ అంతా వినపడేటట్టు. ఖాలమ్మ ఆపమని అనలేదు. నూనె చేతులతోనే పట్టుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపలికి పోయే ధైర్యం లేకపోయింది.

ఆ సాయంత్రం గోడ దగ్గర ఖాలమ్మతో చెప్పాను. “గప్పుడు నేను నిన్ను మాట్లాడనియ్యలే ఖాలమ్మా. తప్పయింది.”

ఆమె కొంగు సర్దుకుంది. “తప్పు నాది గూడ ఉన్నది బిడ్డా. అర్థం ఎరుకైనదాన్ని నేను. కలం నా చేతిల్నే ఉండె. ఒక్క వరస నా సొంతంగ రాస్తే ఎవలాపుతుండె?”

ఆమె అలా అనడం నాకు ఓదార్పు కాలేదు. నా వంతు తగ్గించుకోవడానికి పోయి ఆమె వంతు పెంచి వచ్చినట్టయింది. అక్క తిరిగి పోయాక నేను ఖాలమ్మ దగ్గర ఉర్దూ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఆరు నెలలకు కార్డు చదివేటంత వచ్చింది.

కానీ చదవడానికి ఉర్దూ కార్డులు రాలేదు. కాగజ్‌నగర్ తిరిగి పోయిన తర్వాత అక్క తెలుగు నేర్చుకున్నది. క్వార్టర్లలో పిల్లలకు చెప్పే అయ్యవారి దగ్గర, వాచకం కొనుక్కుని, పిల్లలతో పాటు కూర్చుని నేర్చుకున్నదట. మరుసటి దసరా నాటికి మొదటి తెలుగు కార్డు వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు, తలకట్లు ఎక్కడో ఒత్తులు ఎక్కడో. ఉర్దూలో అంత అందంగా రాసిన చేయి అది. ‘ఇక్కడ అందరము క్షేమము. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను’ అని ఉంది. తర్వాతి కార్డులోనూ అదే ఉంది. ఆ తర్వాతి దాంట్లోనూ అదే. ఇంకొకరు చదివి చెప్పాల్సిన పని లేకుండా నేను నేరుగా చదువుకోగలిగే కార్డులు అవి. వాటిలో చదవడానికి ఏమీ ఉండేది కాదు. మొదటి మగపిల్లవాడు పుట్టినప్పుడు మాత్రం ‘చాలా సంతోషము’ అని ఒక వరస ఎక్కువ రాసింది.

నేను టీచరునయ్యాను. ఆసిఫాబాద్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు, కాగజ్‌నగర్ దగ్గరే కదా, సెలవు వచ్చినప్పుడల్లా పోవచ్చని సంతోషపడ్డాను. పోయేదాన్ని కూడా. అప్పటికి అక్కకు ఇద్దరు కొడుకులు. మరాఠీ పక్కింటావిడతో గలగలా మాట్లాడేది. ఆ ఇంట్లో కూడా ఉదాస్ అనే మాట వినపడేది. మరాఠీ వాళ్లకూ అది సొంత మాటే. పక్కింటావిడ కొడుకు పరీక్ష తప్పితే ఆమె ఉదాస్. అక్క పోయి టీ పెట్టి ఇచ్చి వచ్చేది. తన గురించి మాత్రం ఆ మాట అనగా నేను మళ్లీ వినలేదు.

నా తరగతిలో ఒకసారి ఒక పిల్ల ‘మా అమ్మ ఉదాసుగా ఉన్నది’ అని సొంతవాక్యం రాసింది. ఎర్ర సిరా కలం చేతిలో పట్టుకుని చాలాసేపు ఆగిపోయాను. ఏమీ దిద్దకుండా, బడి వదిలాక ఆ పిల్లతో పాటు వాళ్లింటికి పోయాను. వాళ్ల అమ్మకు జ్వరం వచ్చి తగ్గింది, అంతే. నన్ను చూసి కంగారు పడి చాప పరిచింది. ఆ ఆదివారమే అక్క దగ్గరికి పోయాను, చెప్పాల్సింది చెప్పాలని.

బావ పిల్లలను తీసుకుని బజారుకు పోయాడు. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతున్నది. నేనూ ఇంకో చాట తీసుకుని ముందు కూర్చున్నాను.

“అక్కా, గా కార్డు సంగతి...” అన్నాను.

“ఏ కార్డు?” అన్నది కానీ, చేయి ఆగింది.

“ఉదాస్ అంటే ఏందో నాకు గప్పుడు నిజంగ తెల్వక చెప్పలే. సగం తెలుసు. ఖాలమ్మ చెప్పంగనే సమజైంది. పరీక్ష పోతదని...”

అక్క చాట కొద్దిగా కదిపి బియ్యం సమం చేసింది. “నాకెరుకే” అన్నది.

“ఎప్పటి సంది?”

“గాడ గదిల నీ మొఖం చూసిన్నాడే. పరీక్ష దగ్గర ఉండె గద నీకు. పాసైనవ్. నౌకరి అచ్చింది. మంచిగైంది గద.”

ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని ఆ మాటల్లో వెతికాను. లేదు. నిజంగానే మంచిగైందని అంటున్నది. నేను ఏడుస్తుంటే నా చేతిలోంచి చాట తీసుకుని పక్కన పెట్టింది.

“మరి నాకు మళ్ల ఎన్నడు ఏమీ ఎందుకు రాయలే నువ్వు?” అని అడిగాను. అడగకూడనిదని అడిగాక తెలిసింది.

అక్క కొద్దిసేపు ఆలోచించింది. ఆమె అబద్ధం వెతుక్కోవడం లేదు. నిజంగా జవాబు కోసమే ఆలోచించింది.

“రాద్దామనే కూసుంట. తెలుగుల గా మాట రాస్తే నువ్వు ఎట్ల సదువుతవో ఏమో అనిపిస్తది. ఉర్దూల రాద్దామంటే చెయ్యి తిరుగుత లేదిప్పుడు.”

“నేను నేర్సుకున్న అక్కా. నాకు చదువ వస్తది.”

“ఔనా?” అన్నది, ఆశ్చర్యపోయి. “చెప్పకపోతివి.”

నిజమే, చెప్పలేదు. సిగ్గుపడి చెప్పలేదు. ఎనిమిదేండ్లు ఆ అక్షరాలు నా దగ్గర ఉన్నాయి, ఆ సంగతి ఆమెకు తెలియదు.

బయట పిల్లల గొంతులు వినపడ్డాయి. అక్క కండ్లు తుడుచుకుని, ఎసరు కాగుతున్నదని లేచింది. నేను మిగిలిన బియ్యం ఏరడం పూర్తిచేసి అందించాను.